వెనక వసారా తలుపు

ఆ వసంతంలో మా అమ్మ మూడు రోజుల విహారయాత్రకని ఇంట్లోంచి బయలుదేరింది. ఇంతవరకూ తిరిగి రాలేదు.

బతికే ఉంది. ఎక్కడుందో నాకు తెలుసు. రోజూ సాయంత్రం ఏ చెట్టు కింద నిలబడుతుందో, ఏం చెబుతుందో కూడా తెలుసు. ఆ మాటకొస్తే సవానా చూడ్డానికి వచ్చే వాళ్ళలో సగం మందికి తెలుసు.

మాది విడేలియా. జార్జియాలో ఉల్లిపాయల ఊరు. సవానా ఇక్కడికి గంటన్నర దూరం. కానీ తొమ్మిదేళ్ళుగా మా ఇంట్లో ఎవరూ ఆ దారిన కారు తిప్పలేదు. మా చెల్లెలు లోరీన్ చనిపోయింది అక్కడే. ఓ పాతకాలపు మేడని హోటల్‌గా మార్చారు, అందులో రిసెప్షన్ బల్ల దగ్గర పని చేసేది, పై అంతస్తులో వెనక గదిలో ఉండేది. గాలివాన కురిసిన రాత్రి వెనక వసారాలోంచి కిందికి దిగే ఇనప మెట్ల మీద కాలు జారి పెరట్లో ఇటుకల మీద పడింది. ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారనీ, ఎవరికీ ఏమీ వినపడలేదనీ, తెల్లవారాక హోటల్ యజమాని యాన్సీ గారే ముందు చూశారనీ మాకు చెప్పారు. మాకు తెలిసింది అంతే.

యాన్సీ గారు అంత్యక్రియలకు స్వయంగా వచ్చాడు. పెద్ద పింగాణీ పళ్ళెంలో కాల్చిన పంది తొడ మాంసం తెచ్చాడు. చర్చిలో అమ్మ పక్కనే కూర్చుని చేతిరుమాలు అందించాడు. మా వైపు చావింటికి వంట తెచ్చినవాళ్ళ పళ్ళెం ఖాళీగా తిరిగివ్వడం మర్యాద కాదు. అమ్మ అందులో వెన్న కేకు పెట్టి పంపింది. క్రిస్మస్‌కి ఆయన పెకాన్ పప్పు మిఠాయి డబ్బా పంపాడు. దానికి అమ్మ మళ్ళీ కేకు పంపింది. అలా తొమ్మిది క్రిస్మస్‌లు గడిచాయి. మర్యాదకి మర్యాద. ఎవరూ ఆయన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అంత మంచి మనిషిని ఏమని అడుగుతాం?

ఆ ఫిబ్రవరిలో మేకన్ ఊళ్ళో కంటి డాక్టరు అమ్మ కళ్ళు చూసి పెదవి విరిచాడు. చూపు మధ్యలో మచ్చ పెరుగుతోంది. ఆకులు రాలే కాలానికి మనుషుల ముఖాలు కనబడవన్నాడు.

ఇంటికొచ్చి వంటింట్లో కూర్చున్నాక అమ్మ అంది. "సముద్రం చూస్తాను. చార్ల్‌స్టన్, బ్యూఫర్ట్, సవానా. అజేలియాలు పూసినప్పుడు."

మా నాన్న హాయిట్ వార్తాపత్రిక దించలేదు. "ఉల్లి కోతలున్నాయి."

"కోతలు ఏప్రిల్‌లో. పూలు మార్చిలో. నువ్వు పూలు కొయ్యక్కర్లేదు, ఊరికే చూస్తే చాలు."

"నేను రాను వర్నా."

"నిన్నెవరు పిలిచారు?"

నా భార్య డార్లీన్‌కి ప్రయాణాల ప్రణాళిక అంటే ప్రాణం. అప్పటికప్పుడు బల్ల మీద మ్యాపు పరిచి, రంగు పెన్సిళ్ళు తెచ్చింది. "మిస్ వర్నా, చార్ల్‌స్టన్ వెళ్ళాలంటే సవానా మీదుగానే పోవాలి. మొదటి రోజు అక్కడ ఆగిపోదాం. దారిలోదే కదా."

"సవానా చివర్న."

"దాటి వెళ్ళి మళ్ళీ వెనక్కి రావాలి. పెట్రోలు దండగ."

"చివర్న అన్నాను బంగారం." అమ్మ 'బంగారం' అన్నదంటే ఇక ఆ విషయం అయిపోయినట్టే.

నాన్న పత్రిక వెనక నుంచి అన్నాడు. "పోయేటప్పుడు ఆ ఊరు దగ్గర కళ్ళు మూసుకుంటుంది. అలవాటవుతుంది కదా, మంచిదే."

ఆ మాట గుచ్చుకుంటుందేమో అనుకున్నాను. కానీ అమ్మ నవ్వింది. నలభై ఆరేళ్ళ కాపురంలో ఆయన హాస్యం ఆవిడకొక్కదానికే అర్థమయ్యేది.

"ఎక్కడ దిగుదాం?" అడిగింది డార్లీన్. "చార్ల్‌స్టన్‌లో మా పిన్ని కూతురింట్లో. సవానాలో—"

"యాన్సీ గారి దగ్గర," అంది అమ్మ.

నేను పెన్సిలు కింద పెట్టాను. "అమ్మా, ఊళ్ళో ఇంకో వంద హోటళ్ళున్నాయి."

"నా కూతురు చివరిసారి నడిచిన నేల అది. కళ్ళు పోయాక చేత్తో తడుముకోమంటావా? ఒక్కసారి చూసుకుంటాను. చూసుకుంటే నాకు సరిపోతుంది. ఆ తర్వాత మచ్చ రానీ, చీకటి రానీ."

ఆవిడ అడిగింది ఆ ఒక్కటే. ఆ మెట్లు, ఆ పెరడు, ఓ మంచి జ్ఞాపకంగా దాచుకోవడం. ఫోను ఆవిడ చేతికిచ్చాను.

యాన్సీ గారికి ఫోన్ చేస్తే గొంతు తేనెలా ఉంది. "మిస్ వర్నా! తొమ్మిదేళ్ళ నుంచి ఈ ఫోన్ కోసం ఎదురుచూస్తున్నాను మేడం. ముందు గది మీదే, తోట మొత్తం కనిపిస్తుంది. మీరొక్క మాట చెప్పండి, రొయ్యలు నేనే స్వయంగా వండిస్తాను."

డార్లీన్ నెల రోజులు ఆ మూడు రోజుల్నే నమిలింది. ఏ వీధిలో నీడ ఉంటుంది, ఏ చర్చికి మెట్లు తక్కువ, ఎక్కడ కూర్చోవడానికి బల్లలున్నాయి, అన్నీ ఆరా తీసింది. సవానాలో సాయంత్రం నాలుగింటికి కాలినడక యాత్ర కూడా కుదిర్చింది. చరిత్ర, పాత ఇళ్ళు, ఓ గైడు. అది యాన్సీ గారికి చెప్పాలని మాకెవరికీ తోచలేదు.

*

చార్ల్‌స్టన్‌లో గుర్రపు బండి ఎక్కాం. అమ్మకు సముద్రపు గట్టు వెంబడి ఉండే పెద్ద మేడలు చూడాలని. కానీ ఆ ఊళ్ళో బండి ఎటు పోవాలో బండివాడి చేతిలో లేదు. ఓ గుడిసె ముందు ఆగితే లోపల లాటరీ డబ్బాలోంచి రంగు బంతి పడుతుంది. ఏ రంగు పడితే ఆ పేట. వీధులన్నీ బండ్లతో నిండకుండా ఊరు పెట్టుకున్న పద్ధతి అది.

మాకు పడిన రంగు సముద్రానికి వ్యతిరేక దిక్కు.

డార్లీన్ ముఖం మాడిపోయింది. "నెల రోజులు ప్లాను వేశాను!"

"ఊరుకో పిల్లా," అంది అమ్మ, "ఈ ఊరికి మన ప్లాను తెలియదు పాపం." అని పొట్ట పట్టుకుని నవ్వింది. లోరీన్ పోయాక ఆవిడ అలా నవ్వగా నేను చూడలేదు.

అమ్మ తల పక్కకి తిప్పి కంటి చివర నుంచి చూసేది. అలా అయితే మచ్చ అడ్డురాదు. గులాబీ గోడలు, ఇనప గేట్లు, గోడ మీంచి దూకే పూలు, ఒక్కోటీ కోడిపిల్లలా మెడ వంచి చూసుకుంది. బండివాడు ప్రతి మూడో ఇంటికీ ఓ దెయ్యం చెప్పాడు. ఓడ కెప్టెను, పెళ్ళికూతురు, తల లేని వర్తకుడు.

"ఏం నాయనా, ఇక్కడ ప్రతి ఇంటికీ ఒక చచ్చిన మనిషి ఉండాల్సిందేనా?" అంది అమ్మ.

"దెయ్యం లేని హోటల్లో ఎవరు దిగుతారు మేడం?" అన్నాడు బండివాడు. "లేకపోతే తయారుచేసుకుంటారు. ఈ తీరమంతా అదే వ్యాపారం."

బండిలో అందరం నవ్వాం. అమ్మే ఎక్కువ నవ్వింది.

*

మూడో రోజు మధ్యాహ్నం సవానా చేరాం. యాన్సీ గారు మెట్లు దిగి వచ్చి అమ్మ చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు. అరవై దాటిన మనిషి. ఇస్త్రీ నలగని తెల్ల కోటు. ముందు గదిలోకి తీసుకెళ్ళి కిటికీ తెరిచాడు. వీధి అవతల ఊరందరి తోట, ఓక్ చెట్లు, కొమ్మల నుంచి వేలాడే బూడిద రంగు నాచు.

"వెనక మెట్లు చూపిస్తారా?" అంది అమ్మ.

ఆయన ముఖం జాలిగా మారింది. "రేపు పొద్దున, వెలుతురు బాగున్నప్పుడు మేడం. ఇప్పుడు పడుకోండి. ఆరింటికి భోజనం."

పడుకోలేదు. నాలుగింటి యాత్ర ఉంది కదా. రెండు వీధుల అవతల యాత్ర మొదలైంది. ఇరవై మంది ఉంటారు. గైడు పేరు క్లైడ్. గడ్డి టోపీ, ప్యాంటుకి ఎర్ర భుజపట్టీలు, ఒకప్పటి నాటకాల గొంతు. మాటకారి. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని ముందు వరసలో నడిచింది. పాత పత్తి బజారు, చర్చి, పాత యుద్ధంలో ఓ జనరల్ ఉన్న ఇల్లు. తర్వాత గుంపు మలుపు తిరిగి యాన్సీ గారి మేడ పక్క సందులో ఆగింది. అక్కణ్ణుంచి పెరడు కనిపిస్తుంది. ఇనప మెట్లు కనిపిస్తాయి.

నేను అమ్మను వెనక్కి లాగబోయాను. కదల్లేదు.

"ఇది కొత్త దెయ్యం స్నేహితులారా," అన్నాడు క్లైడ్, గొంతు తగ్గించి. "తాతల నాటిది కాదు. ఇక్కడ పనిచేసిన అమ్మాయి. తుఫాను రాత్రి బయటికెళ్ళి ఆలస్యంగా వచ్చింది. మెట్లెక్కి వెనక వసారా తలుపు తోసింది. లోపల గడియ. తట్టింది. ఆగింది. మళ్ళీ తట్టింది. 'తలుపు తియ్యండి, తడిసిపోతున్నాను' అని పిలిచింది. ఎవరూ తియ్యలేదు. చివరికి వానలో మెట్లు దిగబోయి..." రెండు చేతులూ చప్పున కలిపాడు. ఎవరో ఆడమనిషి కెవ్వుమని, తర్వాత నవ్వింది. "ఇప్పటికీ వాన కురిస్తే, ఆ వెనక గదిలో దిగిన వాళ్ళకి తలుపు తట్టిన చప్పుడు వినిపిస్తుంది."

"ఆ గది దొరుకుతుందా?" అడిగాడు ఒకతను.

నేను అడిగాను. "ఆ అమ్మాయి తలుపు తట్టిందని మీకెవరు చెప్పారు?"

"యజమానే సార్," అన్నాడు క్లైడ్ గర్వంగా. "ఆ వరండాలో కూర్చోబెట్టి మరీ చెప్పారు. మా గైడ్లందరికీ ఆయనే నేర్పుతారు. చెప్పేటప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు కూడా."

మాకు చెప్పింది వేరు. అందరూ నిద్రలో ఉన్నారు. ఎవరికీ ఏమీ వినపడలేదు.

డార్లీన్ నా వైపు చూసింది. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ మెడ పక్కకి వంచి ఆ తలుపునే చూస్తోంది.

"బాగా చెప్పారండీ," అంది క్లైడ్‌తో. "థాంక్స్."

ఆవిడ గోళ్ళు నా మోచేతిలో దిగబడ్డాయి.

*

"ఇప్పుడే వెళ్ళిపోదాం," అన్నాను గదిలో.

"భోజనానికి పిలిచారు. ఒప్పుకున్నాం."

"అమ్మా!"

"కల్పించి ఉండొచ్చు కదరా. వ్యాపారం అన్నాడు కదా ఆ బండివాడు. దెయ్యం లేకపోతే తయారుచేస్తారని. తొమ్మిదేళ్ళు ఆయన మిఠాయి తిన్నాం. ఒక్క గైడు మాట విని మనిషిని దోషి అనకూడదు." చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "మర్యాదగా అడుగుతాను."

ఆరింటికి భోజనాల గదిలో మేం నలుగురమే. రొయ్యలు, మొక్కజొన్న జావ, వేడి బిస్కట్ రొట్టెలు, మంచు ముక్కలేసిన తీపి టీ. యాన్సీ గారు వడ్డిస్తూనే ఉన్నాడు. అమ్మ రొయ్యల్ని పొగిడింది. బల్ల గుడ్డ మీద కుట్టుపని పొగిడింది. గోడ మీద ఆయన తల్లి బొమ్మని పొగిడింది. ఆయన కరిగిపోయాడు. ఈ మనిషి గురించి తప్పుగా అనుకున్నామేమో అని నాకే అనిపించింది.

బిస్కట్టుకి వెన్న రాస్తూ, చూపు ఎత్తకుండా, వాతావరణం గురించి అడిగినట్టు అడిగింది అమ్మ.

"ఎంతసేపు తట్టిందండీ?"

"ఎక్కువసేపు కాదు మేడం," అన్నాడు యాన్సీ గారు ఓదార్పుగా. టీ జగ్గు అందుకున్నాడు.

జగ్గు గ్లాసు మీదికి వంగి, అక్కడే ఆగిపోయింది.

ఆయన కళ్ళు నా మీదికి, డార్లీన్ మీదికి, మళ్ళీ అమ్మ మీదికి పోయాయి. అమ్మ వెన్న రాయడం పూర్తి చేసింది. బిస్కట్టు పళ్ళెంలో పెట్టింది.

"నా ఉద్దేశం... గైడ్లు చెప్పే కథలో," అన్నాడు ఆయన. "కథ కోసం..."

"మీ గది ఎటువైపండీ?"

ఆయన జగ్గు దించాడు. ఆవిడే తల పక్కకి తిప్పి వెనక నడవా వైపు చూసింది. వసారా తలుపుకి ఆనుకుని ఉన్న గదికి ఆయన పేరున్న ఇత్తడి పలక ఉంది.

"పదకొండింటికి గడియ పెట్టడం ఇంటి నియమం," అన్నాడు చివరికి. గొంతులో తేనె లేదు. "ఆ అమ్మాయి చాలాసార్లు ఆలస్యంగా వచ్చింది. ఆ ఒక్కసారితో బుద్ధొస్తుందనుకున్నాను. ముందు తలుపుకి వస్తుందనుకున్నాను. అంతకంటే ఏమీ లేదు. నేను కూడా ఆ తర్వాత ఎన్నో రాత్రులు..."

అమ్మ చేతిగుడ్డ మడతపెట్టి పళ్ళెం పక్కన పెట్టింది. లేచింది.

"భోజనం బాగుందండీ," అంది. "వెండెల్, పెట్టెలు దింపు నాయనా."

*

మర్నాడు పోలీసు స్టేషన్‌లో ఓ డిటెక్టివ్ ఓపిగ్గా విన్నాడు. తన ఇంటి తలుపుకి తాను గడియ వేసుకోవడం నేరం కాదన్నాడు. తొమ్మిదేళ్ళయిందన్నాడు. యాన్సీ గారికి ఫోన్ చేసి మాట్లాడాడు కూడా. దుఃఖంలో ఉన్న పెద్దావిడ పొరపాటుగా విన్నదని ఆయన చెప్పాడట. తానేమీ అనలేదట.

"కథ ఆధారం కాదమ్మా," అన్నాడు డిటెక్టివ్. ఆయన కళ్ళలో నిజంగానే బాధ ఉంది.

"కానీ కథ రోజూ చెబుతున్నారు," అంది అమ్మ.

"చెప్పడం నేరం కాదు."

"అయితే నాకూ కాదు కదా?"

కారు ఎక్కమంటే ఎక్కలేదు. చర్చి పక్కన ఓ విధవరాలి ఇంట్లో గది మాట్లాడుకుంది. "నువ్వెళ్ళు, కోతలున్నాయి," అంది. నాలుగింటికి తోటలో బల్ల మీద కూర్చుంది. గుంపు వచ్చి సందులో ఆగింది. క్లైడ్ చేతులు చప్పున కలిపాక లేచి నిలబడింది.

"ఆ పిల్ల పేరు లోరీన్. నా కూతురు. తలుపు తట్టింది నిజం. పక్క గదిలో ఆ ఇంటాయన మేలుకునే ఉన్నాడు. విన్నాడు. తియ్యలేదు. తెల్లవారేదాకా ఇటుకల మీద పడి ఉంది. తర్వాత మా ఇంటికి మాంసం తెచ్చాడు."

ఎవరూ నవ్వలేదు. ఒకావిడ ఏడ్చింది. క్లైడ్ టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

*

ఏప్రిల్ నెలంతా పొలంలో వంగిన నడుం ఎత్తలేదు. ఓ మధ్యాహ్నం, కూలీలు నీళ్ళు తాగుతున్నప్పుడు, ఉల్లి మడిలో మోకాళ్ళ మీద ఉండగానే నాన్న అన్నాడు.

"ఆ కేకులు పోస్టాఫీసుకి నేనే మోసేవాణ్ణి. నలిగిపోకుండా ఒళ్ళో పెట్టుకుని."

చేతులు దులుపుకుని, బూట్లు కూడా మార్చకుండా పికప్ ఎక్కి సవానా వెళ్ళిపోయాడు. ఆయనా తిరిగి రాలేదు. పొలం నా నెత్తిన పడింది. ఆదివారాలు ఖాళీ బల్ల దగ్గర నేనూ డార్లీనూ ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్ళం. డార్లీన్ ఆ తర్వాత మ్యాపు ముట్టుకోలేదు.

మే నెలలో క్లైడ్ ఫోన్ చేశాడు. చాలాసేపు నసిగాడు. "సార్, నేను దారి మార్చుకున్నాను. ఆ సందులోకి పోవడం మానేశాను. కానీ మిగతా కంపెనీలన్నీ ఇప్పుడు అక్కడికే వస్తున్నాయి. మీ అమ్మగారి కోసం. 'చనిపోయిన పిల్ల తల్లిని చూడండి' అని చెబుతున్నారు. మీరొచ్చి తీసుకెళ్తే మంచిది సార్."

జూన్‌లో వెళ్ళాను. ఎండ మండుతోంది. తోటలో మూడు గుంపులు వరసలో నిలబడి ఉన్నాయి. ఓక్ చెట్టు కింద అమ్మ. పక్కన నాన్న గొడుగు పట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి తల ఊపాడు, అంతే. నేను దగ్గరికి వెళ్ళేదాకా అమ్మకు తెలియలేదు. మచ్చ డాక్టరు చెప్పినదానికంటే తొందరగా పెరిగింది. నా చెంపలు తడిమి గుర్తుపట్టింది.

"చిక్కిపోయావురా. డార్లీన్ వండడం లేదా?"

"ఇంటికి పోదాం అమ్మా. నాన్నా, మీరైనా చెప్పండి."

"మొదటి గుంపు వచ్చేసింది," అంది అమ్మ. "ఉండు."

చెప్పింది. అవే మాటలు, కానీ ఇప్పుడు ఎక్కడ ఆగాలో తెలుసు, ఎక్కడ గొంతు తగ్గించాలో తెలుసు. చెప్పి చెప్పి అరిగిన మాటలు నున్నగా అయ్యాయి. చివరి మాట అయ్యాక చప్పట్లు.

నలభై మంది చప్పట్లు కొట్టారు. ఒకతను ఈల వేశాడు. ఓ జంట అమ్మకు చెరోపక్క చేరి ఫోటో తీసుకుంది. తర్వాత గుంపు మొత్తం వీధి దాటింది. యాన్సీ గారి మేడ తలుపుకి 'గదులు ఖాళీ లేవు' అన్న పలక వేలాడుతోంది. ఆయన తెల్ల కోటులో వరండా మెట్ల మీద నిలబడి ఉన్నాడు. ఒక్కొక్కరితో చెయ్యి కలిపి, వెనక మెట్లు చూపించడానికి లోపలికి దారి తీస్తున్నాడు. ఆయన కూడా కళ్ళు తుడుచుకుంటున్నాడు.

అమ్మ నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది.

"ఆయన బయట ఉన్నాడా?"

"ఉన్నాడు."

"జనం ఆయన వైపు చూస్తున్నారా?"

నాన్న గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. నా ముఖంలోకి చూడలేదు.

"అందరూ ఆయన్నే చూస్తున్నారమ్మా," అన్నాను.

అమ్మ తల ఊపింది. బల్ల మీద కూర్చుని, బూట్లలోంచి కాళ్ళు తీసి గడ్డి మీద పెట్టుకుంది.

"అయితే ఇప్పుడే రాలేను నాయనా," అంది. "రెండో గుంపు ఎంత దూరంలో ఉంది?"